కార్డు వెనకవైపు

ఆ నిఘంటువు ఆఫీసులో మనుషుల పేర్లు ఎవరికీ అక్కర్లేదు. ఆమె ఇంగ్లీషు మాటలకి తెలుగు అర్థాలు రాస్తుంది కాబట్టి అందరికీ అర్థంగారు. కొత్తగా చేరిన అతను ఆ అర్థాలకి వాడుక వాక్యాలు పట్టుకురావాలి కాబట్టి, చేరిన రోజు సాయంత్రానికల్లా ప్రయోగంగారు అయిపోయాడు. ఇద్దరి బల్లల మధ్యా ఒక చెక్క ట్రే. ఆమె కార్డు మీద అర్థం రాసి ట్రేలో వేస్తుంది. అతను కింద వాక్యం రాసి మళ్ళీ ట్రేలో పెడతాడు.

ఇంతవరకూ తేలికే. తలనొప్పంతా కార్డు వెనకవైపు.

ఆ నియమం పెట్టింది సంపాదకుడు. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. వాక్యం సొంతంగా కల్పించి రాయకూడదు. ఎవరో ఒకరు, ఎవరితోనో, నిజంగా అన్నదై ఉండాలి. కార్డు వెనక మూడు గీతలుంటాయి: ఎవరన్నారు, ఎవరితో అన్నారు, ఎప్పుడన్నారు. ఆ మూడూ నిండకపోతే ఎంత ముచ్చటైన వాక్యమైనా చెత్తబుట్టకే. కథలల్లాలంటే ఇంటికెళ్ళి అల్లుకోండి, ఇక్కడ మాత్రం అబద్ధం చెల్లదు అనేవాడాయన. ఆ పట్టుదల మీదే ఇరవై రెండేళ్ళలో ఏ నుంచి ఆర్ దాకా లాక్కొచ్చాడు.

అతను చేరిన మొదటి వారం ఆమె తొమ్మిది కార్డులు పట్టుకుని అతని బల్ల దగ్గరికి విసవిసా వచ్చింది.

రెస్ట్‌లెస్ అనే మాటకి 'కాలుగాలిన పిల్లిలా ఎందుకురా ఆ తిరుగుడు' అని రాశాడు. ఎవరన్నారు? మా అమ్మ. ఎవరితో? నాతో. రఫ్‌కి 'ఆ గడ్డం గీసుకోరా, గరగరలాడుతోంది'. మా అమ్మ, నాతో. రిడిక్యులస్‌కి 'ఆ చొక్కాతో బయటికెళ్తే నలుగురూ నవ్విపోతారు'. అదీ అమ్మే, అదీ అతనితోనే.

"తొమ్మిదింటికి తొమ్మిదీ మీ అమ్మగారేనా? లోకంలో ఇంకెవరూ నోరు విప్పడం లేదా?"

"విప్పుతారండీ. మా అమ్మ కాస్త ఆపితే వాళ్ళవీ వినబడతాయి."

ఆమెకి నవ్వు రాలేదు. వచ్చింది గానీ మింగేసింది. ఇవన్నీ కుర్చీలో కూర్చుని కల్పించినవేనని ఆమె అనుమానం. విచారించాకే సంతకం పెడతానంది. అయితే ఈవేళే రండి అన్నాడు. సాయంత్రం ఆఫీసు వదిలేసరికి వాన. ఇద్దరికీ కలిపి ఆమె గొడుగు ఒక్కటే, అందులోనూ ఒక పుల్ల విరిగి ఓ పక్క వేలాడుతోంది.

వాళ్ళమ్మ తలుపు తీసింది మొదలు ఇద్దరికీ తువ్వాళ్ళిచ్చి, తల ఎలా తుడుచుకోవాలో చెప్పి, వాళ్ళ చెప్పుల్ని తిట్టి, ఆ పిల్ల ఇంత సన్నగా ఉందేమిటని కొడుకుని నిలదీసి, ప్రతి రెండు మాటలకీ ఒకసారి "ఇది కూడా రాసుకోరా" అంది. నలభై నిమిషాలు గడిచాక ఆమె నోరెత్తకుండా తొమ్మిది కార్డుల మీదా సంతకం పెట్టేసింది.

అతను మళ్ళీ ఆమెని వీధి చివరిదాకా దిగబెట్టాడు. ఇంటికొచ్చాక గానీ ఆమెకి తట్టలేదు, వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ విరిగిన పుల్ల వైపు నడిచింది అతనేనని. తన రెండు భుజాలూ పొడిగానే ఉన్నాయి. అతని ఎడమ భుజం నానిపోయి ఉంటుంది. ఆ సంగతి తల్చుకుంటూ ఎంతసేపు కిటికీ దగ్గర నిలబడిందో తన తల్లి వచ్చి అన్నానికి పిలిచేదాకా ఆమెకే తెలియదు.

అప్పట్నుంచి ట్రే తొందరగా ఖాళీ అవడం, తొందరగా నిండడం మొదలైంది. అందులో ప్రేమ లేఖలేం లేవు, అన్నీ నిఘంటువు కార్డులే. కానీ ఆమెకో అలవాటు అంటుకుంది. కార్డు రాగానే ముందువైపు చూడదు, తిప్పి వెనకవైపు చూస్తుంది. కాస్త పక్కకి ఒరిగే ఆ చేతిరాతలో ఒక్కోసారి ఇలా ఉండేది: ఎవరన్నారు, అర్థంగారు. ఎవరితో, కిటికీలో వాలిన పావురంతో. ఎప్పుడు, ఎవరూ వినడం లేదనుకున్నప్పుడు.

ఆర్ అయిపోయింది. ఎస్ మొదలైంది. మొదటి కట్టలోనే వచ్చింది శాక్రిఫిషియల్ అనే మాట.

ఆమె రెండు అర్థాలు రాసింది. ఒకటి, బలికి సంబంధించిన. రెండు, త్యాగంతో కూడిన. మొదటిదానికి గంటలో వాక్యం దొరికింది. కింద అంతస్తులో పుస్తకాలు కుట్టే బైండింగక్క ఆ రోజే అతనితో అంది, 'అందరూ తప్పించుకుని నన్ను బలిపశువుని చేశారు' అని. రెండోదే చిక్కొచ్చి పడింది. అతను బస్సుల్లో చెవులు రిక్కించాడు, సంతలో తిరిగాడు, ఆస్పత్రి వరండాలో కూర్చున్నాడు. త్యాగం అనే మాట వినబడకపోలేదు. సీటిచ్చినవాణ్ణి చూసి 'అబ్బో, మహా త్యాగమూర్తి' అని ఎవరో ఎగతాళి చేశారు. పెద్దాయన దాన్ని కొట్టేశాడు. అది వెక్కిరింపయ్యా, అర్థం కాదు అన్నాడు.

"ఒక సంగతి కనిపెట్టానండీ," అన్నాడు అతను నెల తర్వాత, ఖాళీ కార్డు చూపిస్తూ. "చేసినవాళ్ళు ఆ మాట అనరు. అనేవాళ్ళు చెయ్యరు. నేనెక్కడ పట్టుకురాను?"

"అనకుండా చేసినవాళ్ళని వెతకండి. వాళ్ళు ఇంకేదో మాట అనే ఉంటారు కదా."

ఆ సలహా తనకే వచ్చి తగులుతుందని ఆమెకేం తెలుసు.

ఆ వారమే ఆమెకి ఉత్తరం వచ్చింది. నిఘంటువుల తయారీలో రెండేళ్ళ శిక్షణ, దూరాన వేరే నగరంలో. నాలుగేళ్ళుగా దరఖాస్తు పెడుతూ, కాదనిపించుకుంటూ, మళ్ళీ పెడుతూ వచ్చిన సీటు. ఉత్తరం చదువుకుని ఎగిరి గంతెయ్యాల్సిన మనిషి మెట్లు దిగి బైండింగక్క దగ్గర కూలబడింది. వెళ్ళాలనీ ఉంది, వెళ్ళబుద్ధీ కావడం లేదక్కా అంది. అతను ఉండిపొమ్మని ఒక్క మాటంటే ఆ ఉత్తరం చింపేస్తానని కూడా అంది. అక్క మంచిది, కానీ ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. మర్నాడు పొద్దున్నే అతనికి చెప్పేసింది.

ఆ సాయంత్రం అతను ట్రే పక్కకి జరిపి, ఆమె బల్ల ముందు నిలబడి, తన గోళ్ళకేసి చూసుకుంటూ చెప్పాడు. మా వాళ్ళు సంబంధం ఖాయం చేశారండీ, వచ్చే నెలలోనే పెళ్ళి, మీరెలాగూ ఊళ్ళో ఉండరు గదా అన్నాడు.

చూడండి మరి. తొమ్మిది కార్డుల కోసం వానలో నడిచివెళ్ళి విచారించిన పిల్ల, ఈ ఒక్క మాటని విచారించలేదు. ఎవరన్నారు, ఎవరితో అన్నారు అని అడగలేదు. మనసు విరిగితే బుర్ర పనిచెయ్యదు. "శుభం," అని సొరుగు తాళం వేసుకుని వెళ్ళిపోయింది.

వెళ్ళే రోజు బస్‌స్టేషన్‌కి వచ్చాడు. సామాను పైకెక్కించాడు. వెళ్ళిరండి అన్నాడు. ఆమె సరేనంది. బస్సు నాలుగు వీధులు దాటాక చూసుకుంటే గొడుగు లేదు, బస్‌స్టేషన్‌లో బల్ల మీదే మర్చిపోయింది. పోతే పోయిందిలే అనుకుని, ఆ విరిగిన గొడుగు కోసం కాబోలు, దారంతా ఏడ్చింది.

రెండేళ్ళు. చెప్పడానికి ఎంతసేపు, గడిపితే గదా తెలిసేది. అక్కడ పని బాగుంది, గురువులు మంచివాళ్ళు, ఆమెకి పేరూ వచ్చింది. కానీ ఆ పాడు అలవాటు వదల్లేదు. బస్సు టికెట్టిస్తే తిప్పి చూసేది. హోటల్లో బిల్లిస్తే తిప్పి చూసేది. ఇంటి నుంచి ఉత్తరమొస్తే చదవకముందే తిప్పి చూసేది. అన్నిటి వెనకా ఖాళీయే. అతనికి పెళ్ళయిపోయి ఉంటుందని, ఆ అమ్మాయి ఆ అత్తగారి మాటల కింద పొడి తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంటుందని ఊహించుకునేది. ఊహించుకుని, తనని తాను తిట్టుకుని, పడుకునేది. వాన పడితే మాత్రం ఎడమ పక్క చూడకుండా నడవడం ఆమెవల్ల అయ్యేది కాదు.

శిక్షణ ముగించుకుని ఆఫీసుకి వచ్చేసరికి ఎదుటి బల్ల మీద దుమ్ము. అతను ఉద్యోగం మానేసి ఏడాదిన్నర అయిందన్నారు. ఎక్కడున్నాడని ఆమె అడగలేదు. ఎందుకడగాలి? ఎవరి సంసారం వాళ్ళది.

ఎస్ సంపుటం సోమవారం అచ్చుకి వెళ్ళాలి. శుక్రవారం పెద్దాయన ఆమెని పిలిచి ఒకే ఒక్క కార్డు చేతిలో పెట్టాడు. శాక్రిఫిషియల్, రెండో అర్థం. కింద ఆ ఒరిగిన చేతిరాతలో వాక్యం:

'ఉండిపొమ్మనే అందామనుకున్నాను, వెళ్ళిరమ్మన్నాను.'

చెయ్యి తనంతట తనే కార్డుని తిప్పింది. మూడు గీతలూ ఖాళీ.

"మొత్తం ఎస్‌లో వెనక నింపని కార్డు ఇదొక్కటే," అన్నాడు పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుంటూ. "ఇది పెట్టేసి మర్నాడే రాజీనామా ఇచ్చాడు. చించడానికి నాకు చేతులు రాలేదు. ఎవరన్నారో కనుక్కురా. లేదంటే నువ్వే చించెయ్యి."

ఆమె మెట్లు ఎలా దిగిందో తెలియదు. బైండింగక్క సూదిలో దారం ఎక్కిస్తోంది. అతని పెళ్ళికి వెళ్ళావా అక్కా అని అడిగింది. పెళ్ళేమిటి, ఎవరికి, అంది అక్క. అక్క సూది పక్కన పెట్టేసింది. రెండేళ్ళ కిందట తను వాగిన వాగుడంతా, నెత్తి కొట్టుకుంటూ, ఒక్క మాట మిగల్చకుండా చెప్పింది. అతనిప్పుడు బస్‌స్టేషన్‌లో, పోయిన వస్తువులు భద్రపరిచే గదిలో పనిచేస్తున్నాడని, మాటలు ఏరుకునేవాడు గొడుగులు ఏరుకుంటున్నాడని వాళ్ళమ్మ వీధి వీధంతా చెబుతోందని కూడా చెప్పింది.

శనివారం మధ్యాహ్నం, వాన. బస్‌స్టేషన్‌లో ఆ గది కౌంటర్ ముందు ఆమె నిలబడింది. ఆమె వెనక వరసలో ఒక పెద్దమనిషి, గొడుగు పోగొట్టుకున్నాడట, తడిసి ముద్దయి ఉన్నాడు. లోపల అతను తలవంచుకుని ఏదో ఫారం నింపుతున్నాడు. చిక్కిపోయాడు. గడ్డం గరగరలాడేలా ఉంది.

"పోయిందాండీ, దొరికిందా?" అన్నాడు తలెత్తకుండానే.

"దొరికింది. దాని తాలూకు మనిషే పోయాడు."

పెన్ను ఆగింది. తలెత్తడానికి అతనికి చాలాసేపు పట్టింది. ఆమె కార్డుని కౌంటర్ మీద బోర్లా పెట్టి అతనివైపు తోసింది.

"వెనకవైపు నింపలేదు. సోమవారం అచ్చు. ఎవరన్నారు?"

"నేనే."

"ఎవరితో?"

బయట బస్సు ఒకటి బురద చిమ్ముకుంటూ వెళ్ళింది.

"ఎవరితోనూ అనలేదండీ," అన్నాడు చివరికి. "లోపల అనుకున్నాను, అంతే. అనుకున్నది చెల్లదు కదా. అబద్ధం రాయబుద్ధి కాలేదు."

"అంటే కార్డు మీద అబద్ధం రాయకూడదు. నా మొహం మీద చెప్పొచ్చు."

అతను మళ్ళీ గోళ్ళకేసి చూసుకున్నాడు. నాలుగేళ్ళు ఎదురుచూసిన సీటని, తన కోసం మానేసుకుంటే ఏదో ఒక రోజు, ఏ చిన్న గొడవ దగ్గరో, ఆమెకది గుర్తొస్తుందని, అప్పుడామె తనవైపు చూసే చూపు తను తట్టుకోలేననిపించిందని నెమ్మదిగా చెప్పాడు. పెళ్ళి మాట చెబితే తప్ప ఆమె కదలదనిపించిందన్నాడు. అన్నీ నిజాలే, ఒక్కొక్కటీ ఆమెకి గుచ్చుకున్నాయి.

"అర్థాలు రాసేది నేను, వినండి," అంది. "నీది నువ్వు వదులుకుంటే త్యాగం. నన్నడక్కుండా నాది కూడా కలిపి వదిలేస్తే అది త్యాగం కాదు, దాని పేరు బలి. ఒక్క మాట అడిగుంటే, వెళ్ళొస్తాను, రెండేళ్ళు ఆగగలవా అని నేనే అడిగేదాన్ని. అది అడిగే వీలు కూడా నాకివ్వలేదు నువ్వు. రెండేళ్ళు కనబడ్డ ప్రతి కాగితం వెనకా నీ రాత కోసం చూశాను, తెలుసా?"

మీరు పోయి నువ్వు వచ్చేసిందని ఇద్దరూ గమనించలేదు. వెనకున్న పెద్దమనిషి గమనించాడు.

"బాబూ," అన్నాడాయన, తల మీద నీళ్ళు దులుపుకుంటూ. "ఆ అమ్మాయికి ఏదో ఒకటి చెప్పు. నా గొడుగు సంగతి తర్వాత చూద్దువుగానీ."

అతను లోపలికి వెళ్ళాడు. వెళ్ళిపోతున్నాడేమోనని ఆమె కౌంటర్ మీదికి వంగి చూసింది. గోడకి వరసగా వేలాడుతున్న వస్తువుల్లోంచి ఒకటి తీసి తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. పుల్ల విరిగిన గొడుగు. పిడికి చీటీలు కట్టి ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి, ఎనిమిది.

మూడు నెలల్లో ఎవరూ రాకపోతే వస్తువుని వేలం వేసేస్తారట. ఆమె వెళ్ళిన మర్నాడే, బస్‌స్టేషన్‌కి మళ్ళీ వచ్చిన అతనికి ఈ గొడుగు ఇక్కడ వేలాడుతూ కనబడింది. సొంతదారు వస్తే తప్ప ఇచ్చేది లేదన్నారు. వేలానికి పంపకండని బతిమాలి కొత్త చీటీ కట్టించాడు. వారం వారం వచ్చి ఉందో లేదో చూసుకుని పోయేవాడు. అలా వచ్చిపోతుండగా ఇక్కడ ఖాళీ పడింది. ఎదుట బల్ల ఖాళీగా ఉన్న ఆఫీసులో ఎలాగూ కూర్చోలేకపోతున్నాడు, ఇందులో చేరిపోయాడు. మొదటి రెండు చీటీలూ ఎవరిదో చేతిరాత. మిగతా ఆరూ పక్కకి ఒరిగి ఉన్నాయి. ప్రతిదాని మీదా ఒకటే మాట: సొంతదారు తిరిగి వస్తారు.

ఆమె ఆరూ చదివింది. తిప్పి వెనకవైపులూ చూసింది. ఆ తర్వాత కళ్ళు మసకబారి ఏమీ కనబడలేదు.

"నిన్ను పంపించడమైతే పంపించాను," అన్నాడతను. "ఇంకోసారి వదులుకోవడం మాత్రం నావల్ల కాదు. నువ్వెక్కడికెళ్ళినా వెళ్ళు, నేను ఆగుతాను. ఆగమని మాత్రం నాకు చెప్పి వెళ్ళు."

ఆమె కళ్ళు తుడుచుకుని చెయ్యి చాపి అతని పెన్ను తీసుకుంది. కార్డు మీద పాత వాక్యాన్ని ఒక గీతతో కొట్టేసి, దాని కింద 'ఇంకోసారి వదులుకోవడం నావల్ల కాదు' అని రాసింది. కార్డు తిప్పింది. ఎవరన్నారు, ప్రయోగంగారు. ఎవరితో, నాతో. ఎప్పుడు, శనివారం మధ్యాహ్నం, వానలో.

"సాక్షి సంతకం ఏమైనా కావాలా అమ్మా?" అన్నాడు పెద్దమనిషి. ఆయన గొడుగు ఆ రోజు దొరకలేదు. ఆ విరిగిన గొడుగే ఇస్తామంటే, వద్దులే, దానికింద మీరిద్దరే పట్టాలి అని నవ్వి వెళ్ళిపోయాడు.

గది మూసే వేళ దాకా ఆమె అక్కడే బల్ల మీద కూర్చుంది. ఇద్దరూ నడిచే అతని ఇంటికి వెళ్ళారు, ఈసారి విరిగిన పుల్ల వైపు నేను నడుస్తానంటే నేను నడుస్తానని దారంతా పోట్లాడుకుంటూ. చివరికి ఇద్దరూ తడిశారు. వాళ్ళమ్మ తలుపు తీసి, తడిసిన ఇద్దర్నీ ఎగాదిగా చూసి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక్క మాట కూడా అనలేదు. లోపలికెళ్ళి రెండు తువ్వాళ్ళు తెచ్చి, ఒకటి ఆమె తల మీద కప్పి, తనే తుడవడం మొదలుపెట్టింది. కాసేపయ్యాక మాత్రం, ఇకనుంచి మా ఇంట్లోనే తల తుడుచుకో, అంది. ఇది రాసుకోరా అనడం మర్చిపోయింది.

సోమవారం పొద్దున్న ఆమె కార్డు తీసుకెళ్ళి పెద్దాయన ముందు పెట్టింది. ఆయన ముందువైపు చదివాడు. వెనకవైపు చదివాడు. మళ్ళీ ముందువైపు చదివాడు.

"అన్నది నిజమేనా?"

"నిజమేనండీ. విచారించాను."

"వెనకవైపు బ్రహ్మాండంగా ఉంది," అన్నాడాయన. "కానీ ఈ వాక్యంలో త్యాగం ఎక్కడుందమ్మా?"

"లేదండీ."

"మరి శాక్రిఫిషియల్‌కి ఇదెలా చెల్లుతుంది?"

"చెల్లదండీ," అంది ఆమె. తలొంచుకుందే గానీ నవ్వు దాగలేదు.

పెద్దాయన కళ్ళజోడు తీసి, కార్డు తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు. ఇది మీ ఇంట్లో ఉండాల్సింది, ఆఫీసులో కాదు అన్నాడు. అబద్ధం వేసేకన్నా ఖాళీ వదలడం నయమని అచ్చువాళ్ళకి చెప్పి, అతని కుర్చీ మీద దుమ్ము దులపమన్నాడు.

ఆ సంపుటం ఇప్పుడు బజారులో దొరుకుతుంది. కావాలంటే తీసి చూసుకోండి. శాక్రిఫిషియల్, ఒకటి, బలికి సంబంధించిన. కింద బైండింగక్క వాక్యం. రెండు, త్యాగంతో కూడిన. దాని కింద ఏమీ ఉండదు. ఎస్ అక్షరం మొత్తంలో ఉదాహరణ లేకుండా అచ్చయిన అర్థం అదొక్కటే.